రూబెన్ శాండ్‌విచ్‌ను క్యాసరోల్‌గా చేయడం ఎలా? అడుగున బ్రెడ్ ముద్దవకుండా

మార్చి వచ్చిందంటే అమెరికాలో ఉన్న మనవాళ్లు ఒకటే అడుగుతారు. "ఆఫీసు పాట్‌లక్‌కి (తలా ఒక వంట తెచ్చే విందు) రూబెన్ క్యాసరోల్ (లోతైన గిన్నెలో పొరలుగా పేర్చి ఓవెన్లో చేసే వంట) చేశాను. పైన బ్రహ్మాండంగా కనిపించింది, గరిటె దించితే అడుగున బ్రెడ్ అంతా పాలల్లో నానిన రస్కులా ఉంది. ఎక్కడ పొరపాటు జరిగింది?" దీని వెనకే ఇంకో ప్రశ్న వస్తుంది. "మేం బీఫ్ తినం. మాకు ఇది కుదురుతుందా?"

కుదురుతుంది. అడుగు ముద్దవకుండానూ చేయొచ్చు.

ముందు అసలు శాండ్‌విచ్ సంగతి. రూబెన్ అంటే రై బ్రెడ్ మధ్యలో కార్న్‌డ్ బీఫ్ (ఉప్పునీళ్లలో ఊరబెట్టిన బీఫ్), పులియబెట్టిన క్యాబేజీ (సౌర్‌క్రౌట్), స్విస్ చీజ్, రష్యన్ లేదా థౌజండ్ ఐలండ్ డ్రెస్సింగ్ పెట్టి, పెనం మీద వెన్నతో రెండువైపులా కాల్చేది. ఎవరు కనిపెట్టారన్నది అమెరికాలో ఇప్పటికీ తేలని తగువు. న్యూయార్క్‌లో డెలి (కోసిన మాంసం, చీజ్, శాండ్‌విచ్‌లు అమ్మే కొట్టు) నడిపిన ఆర్నల్డ్ రూబెన్ అని కొందరంటారు. కాదు, ఒమాహాలోని బ్లాక్‌స్టోన్ హోటల్లో పేకాటకు కూర్చున్న రూబెన్ కులకోఫ్‌స్కీ అని నెబ్రాస్కా వాళ్లంటారు. తమాషా ఏమిటంటే ఇది యూదుల డెలి వంటకంగా పేరుపడినా, మాంసం, చీజ్ కలిసి ఉంటాయి కాబట్టి కోషర్ (యూదుల ఆహార) నియమాలకు పనికిరాదు. చరిత్ర ఇంతటితో చాలు.

పెనం మీద కాల్చేటప్పుడు తడి రెండు పక్కల నుంచీ ఆవిరైపోతుంది. లోతైన గిన్నెలో పొరలుగా పేర్చినప్పుడు ఆ తడికి దారి ఉండదు, కిందికి దిగి బ్రెడ్‌లో చేరుతుంది. కింద చెప్పే పద్ధతి అంతా ఈ ఒక్క తడిని కట్టడి చేయడానికే. మిగతావి మీ ఇష్టం, రుచిని బట్టి మార్చుకోవచ్చు.

కావలసినవి (13 × 9 అంగుళాల బేకింగ్ డిష్‌కి, సుమారు 8 మందికి)

- రై బ్రెడ్: 1 పౌండు (సుమారు 450 గ్రాములు). కారవే గింజలు (జీలకర్రలా కనిపించే సువాసన గింజలు) ఉన్నది అయితే మేలు. మెత్తటి శాండ్‌విచ్ బ్రెడ్‌లా కాకుండా కాస్త గట్టిగా ఉన్నది తీసుకోండి.
- డెలి కౌంటర్లో పల్చగా కోయించిన కార్న్‌డ్ బీఫ్ లేదా టర్కీ పాస్ట్రామి (మసాలా పట్టించిన టర్కీ కోడి మాంసం): 1 పౌండు.
- సౌర్‌క్రౌట్: 14 నుంచి 16 ఔన్సుల సీసా లేదా డబ్బా ఒకటి.
- స్విస్ చీజ్: 12 ఔన్సులు (340 గ్రాములు), స్లైసులు.
- థౌజండ్ ఐలండ్ డ్రెస్సింగ్: ముప్పావు కప్పు.
- వెన్న: 4 టేబుల్ స్పూన్లు, కరిగించి.
- కారవే గింజలు: 1 టీస్పూన్ (బ్రెడ్‌లో లేకపోతేనే).
- డిజాన్ ఆవపిండి పేస్టు: 1 టేబుల్ స్పూన్, ఇష్టమైతే.

ఉప్పు ఈ జాబితాలో లేదు. మర్చిపోయి కాదు. మాంసం ఉప్పునీళ్లలో ఊరింది, క్యాబేజీ ఉప్పుతో పులిసింది, చీజ్‌లోనూ డ్రెస్సింగ్‌లోనూ ఉప్పుంది. అలవాటుగా చెయ్యి ఉప్పు డబ్బా మీదికి పోతే ఆపుకోండి. వీలైతే వెన్న కూడా ఉప్పు లేనిదే వాడండి.

డ్రెస్సింగ్ ఇంట్లో చేసుకోవాలంటే: మయోనైజ్ అరకప్పు, కెచప్ 3 టేబుల్ స్పూన్లు, సన్నగా తరిగిన పికిల్ దోసకాయ 2 టేబుల్ స్పూన్లు, తురిమిన ఉల్లిపాయ 1 టీస్పూన్, హార్స్‌ర్యాడిష్ (ఆవ ఘాటుండే వేరు తురుము) 1 టీస్పూన్. కలిపితే అయిపోయింది. ఉల్లిపాయ తురుమునూ పికిల్ ముక్కలనూ పిండి వేయండి, వాటి నీళ్లు కూడా లెక్కే. కొన్నదయితే ఫ్యాట్ ఫ్రీ రకం వద్దు. అందులో నూనె తగ్గించి నీళ్లు పెంచుతారు, ఓవెన్లో విరిగి కారుతుంది.

చేసే పద్ధతి

1. ఓవెన్‌ను 300 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి వేడి చేయండి. బ్రెడ్‌ను ముప్పావు అంగుళం ముక్కలుగా కోసి, పెద్ద ట్రేలో ఒకే వరుసలో పరిచి 15 నుంచి 20 నిమిషాలు ఉంచండి. మధ్యలో ఒకసారి కదపండి. రంగు మారనక్కర్లేదు, తేమ పోవాలి.

ఎలా తెలుస్తుంది? ఒక ముక్క చల్లారాక వేళ్ల మధ్య నొక్కండి. పైన గట్టిగా ఉండి లోపల ఇంకా మెత్తగా అణిగితే మరో 5 నిమిషాలు ఉంచాలి. ఓవెన్ ఇప్పుడే పెట్టడం ఇష్టం లేకపోతే ముందు రోజు రాత్రే ముక్కలు కోసి ట్రేలో ఆరబెట్టి వదిలేయండి. న్యూజెర్సీ చలికాలంలో, హీటర్ నడుస్తున్న ఇంట్లో, తెల్లారేసరికి బాగా ఎండుతాయి. హ్యూస్టన్ ఉక్కలో ఎండవు, ఓవెనే దిక్కు.

2. సౌర్‌క్రౌట్‌ను జల్లెడలో వంపండి. మీకూ పిల్లలకూ ఆ పులుపు మరీ ఎక్కువనిపిస్తే ఒక్కసారి చన్నీళ్లతో కడగండి. రెండుసార్లు కడిగితే రుచి మొత్తం సింకులోకే పోతుంది.

3. ఇప్పుడు పిండాలి. ఈ మొత్తం వంటలో నిజంగా కష్టపడాల్సిన పని ఇదొక్కటే, ఎక్కువమంది దాటేసేదీ ఇదే. పల్చటి కాటన్ గుడ్డలో మూటకట్టి, పనీర్ పిండినట్టే మెలిపెట్టి పిండండి. జల్లెడలో చెంచాతో నొక్కితే సరిపోదు. నీళ్లు ధారగా రావడం ఆగి, చుక్క చుక్కగా పడుతున్నా ఆపకండి. కాసేపు మూటను అలాగే ఉంచి మళ్లీ మెలిపెడితే ఇంకాస్త వస్తుంది. చివర్లో గుప్పెడు తీసి పేపర్ టవల్ మీద వేసి నొక్కండి. టవల్ చెమ్మగిల్లితే ఫర్వాలేదు, తడిసి కింది గట్టు దాకా దిగితే మూట మళ్లీ కట్టాలి.

పిండిన క్యాబేజీ ముద్దగా ఉంటుంది. వేళ్లతో విడదీసి డ్రెస్సింగ్, ఆవపిండి పేస్టు, కారవే గింజలు కలిపి పక్కన పెట్టండి. చాలా వంటకాల్లో డ్రెస్సింగ్‌ను బ్రెడ్ మీదే పోయమంటారు. ఆ పని చేయకండి. క్యాబేజీలో కలిపితే అది పట్టుకుంటుంది, కిందికి జారదు.

4. మాంసాన్ని అర అంగుళం వెడల్పు పీలికలుగా కోయండి. స్లైసులు అలాగే పరిస్తే చూడ్డానికి బాగుంటుంది కానీ, వడ్డించేటప్పుడు గరిటెతో ఒక ముక్క తీయబోతే పొర మొత్తం లేచి వస్తుంది.

ఇక్కడొక హెచ్చరిక. అమెరికాలో కార్న్‌డ్ బీఫ్ తినే ఐరిష్ పండగ సెయింట్ ప్యాట్రిక్స్ డే మార్చి 17. ఆ ముందువెనకల సూపర్ మార్కెట్లలో మసాలా పొట్లంతో సహా ప్లాస్టిక్ సంచిలో కార్న్‌డ్ బీఫ్ బ్రిస్కెట్ చవగ్గా అమ్ముతారు. అది పచ్చి మాంసం. గులాబీ రంగు చూసి ఉడికిందనుకోవద్దు, ఆ రంగు ఊరబెట్టేటప్పుడు వేసే నైట్రైట్ ఉప్పు వల్ల వస్తుంది, ఉడికాక కూడా అలాగే ఉంటుంది. దాన్ని వాడాలంటే ముందు సన్నటి సెగ మీద దాదాపు 3 గంటలు మెత్తగా ఉడికించి, చల్లార్చి, అప్పుడు కోసుకోవాలి. నేరుగా క్యాసరోల్‌లో వేస్తే ఉడకదు. తొందర పని అయితే డెలి కౌంటరే మేలు.

5. ఓవెన్ వేడిని 350 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి (175 సెల్సియస్) పెంచండి. కన్వెక్షన్ ఫ్యాన్ ఉంటే 325 చాలు. ర్యాక్‌ను మధ్య గడి కంటే ఒక మెట్టు కింద పెట్టండి, అడుగుకు వేడి బాగా తగలాలి.

6. డిష్‌కి వెన్న రాసి ఈ వరుసలో పేర్చండి:

- ఎండిన బ్రెడ్ ముక్కల్లో సగం
- చీజ్‌లో మూడో వంతు, ఖాళీలు లేకుండా
- మాంసం
- డ్రెస్సింగ్ కలిపిన క్యాబేజీ
- మిగిలిన చీజ్
- మిగతా బ్రెడ్ ముక్కలు, కరిగించిన వెన్నలో దొర్లించి

బ్రెడ్ మీద వెంటనే చీజ్ ఎందుకంటే, అది కరిగి పొరలా పరుచుకుని పైనుంచి వచ్చే తడికి అడ్డుపడుతుంది. ఈ పొర తీసేసి చీజ్ అంతా పైనే వేస్తే పడిన శ్రమలో సగం వృథా.

చీజ్ స్లైసులే వాడమన్నది ఇందుకే. ముందే తురిమి సంచుల్లో అమ్మేదానికి అంటుకోకుండా పిండి రాస్తారు, అది అంత సాఫీగా కరిగి పరుచుకోదు. ఉన్నది అదే అయితే వాడుకోండి, కాకపోతే కాస్త ఎక్కువ వేయండి.

7. మూత పెట్టకుండా 35 నుంచి 40 నిమిషాలు బేక్ చేయండి. ఫాయిల్ బిగించి కప్పమని చెప్పే పద్ధతులు చాలా ఉన్నాయి. కప్పితే పైకి లేచిన ఆవిరి ఫాయిల్‌కి తగిలి నీళ్లయి మళ్లీ బ్రెడ్ మీదే పడుతుంది. 25 నిమిషాలకే పైన రంగు ముదిరితే అప్పుడు ఫాయిల్‌ను వదులుగా, అంచులు నొక్కకుండా పైన వేయండి.

8. బయటికి తీశాక 10 నిమిషాలు కదపకండి. చీజ్ కాస్త బిగుసుకుంటే ముక్కలు తీరుగా వస్తాయి. గట్టు మీద నేరుగా కాకుండా వైర్ ర్యాక్ మీద పెడితే అడుగున చెమ్మ పట్టదు.

అయిందో లేదో చూడటం

అంచుల్లో బుడగలు వస్తే అయిపోయిందనుకోవడం మామూలే. అంచులు ముందు వేడెక్కుతాయి, మధ్యలో క్యాబేజీ ఇంకా చల్లగానే ఉండొచ్చు. థర్మామీటర్ ఉంటే సరిగ్గా నడిమధ్య గుచ్చండి, 165 డిగ్రీల ఫారెన్‌హీట్ చూపించాలి. లేకపోతే సన్నటి చాకు మధ్యలో దింపి పది లెక్కపెట్టి తీసి, మొనను ముంజేతి మీద జాగ్రత్తగా ఆనించండి. చురుక్కుమనాలి. గోరువెచ్చగా ఉంటే ఇంకా టైముంది.

తర్వాత అడుగు. గాజు డిష్ అయితే పని తేలిక, పైకెత్తి కిందినుంచి చూడండి. బ్రెడ్ లేత గోధుమ రంగులో, ముక్క ముక్కగా కనబడాలి. పాలిపోయి గాజుకి అతుక్కుని ఉంటే తడి చేరిందన్నమాట. లోహపు పాన్ అయితే ఒక మూల చట్టుకంతో ఎత్తి చూడాలి.

తడి చేరినా టెన్షన్ పడొద్దు. డిష్‌ను అన్నిటికంటే కింది ర్యాక్‌కి దించి, 400 డిగ్రీలకు పెంచి 8 నుంచి 10 నిమిషాలు ఉంచండి, పైన మాడకుండా ఫాయిల్ వదులుగా వేసి. పూర్తిగా నానిపోయినదాన్ని ఇది బాగుచేయలేదు కానీ, కొద్దిపాటి చెమ్మ అయితే పోతుంది. అప్పటికీ అడుగున నీళ్లు నిలిచి కనిపిస్తే డిష్‌ను ఒక మూలకు వంచి పేపర్ టవల్‌తో అద్దేయండి.

బీఫ్ వద్దంటే

మనవాళ్లలో చాలామందికి టర్కీ పాస్ట్రామే సరిగ్గా సరిపోతుంది. పాస్ట్రామి మసాలాలో ముఖ్యమైనవి మిరియాలు, ధనియాలు. కొత్తగా తినేవాళ్లకు కూడా నోటికి పరాయిగా అనిపించదు. కార్న్‌డ్ బీఫ్ బదులు టర్కీ లేదా పాస్ట్రామి, సౌర్‌క్రౌట్ బదులు కోల్‌స్లా (డ్రెస్సింగ్ కలిపిన పచ్చి క్యాబేజీ తురుము) పెట్టిన శాండ్‌విచ్‌ని డెలీల్లో రేచెల్ అంటారు కాబట్టి ఇదేం మన సొంత పైత్యం కూడా కాదు. అయితే క్యాసరోల్‌లో కోల్‌స్లా వేయకండి, ఓవెన్లో అది విడిచే నీళ్లు ఆపడం కష్టం. టర్కీతో కూడా సౌర్‌క్రౌటే వాడి, కోల్‌స్లా పక్కన చల్లగా పెట్టుకోండి.

శాకాహారులు పౌండున్నర పుట్టగొడుగులు పల్చగా కోసి, వెడల్పాటి పెనంలో నూనె లేకుండా పెద్ద మంట మీద వేయించండి. నీళ్లు ఊరతాయి, అవి పూర్తిగా ఇగిరి పుట్టగొడుగులు పెనానికి అంటుకోబోయేదాకా వదలకండి. అప్పుడు 2 టేబుల్ స్పూన్ల నూనె, కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు, ధనియాలు ఒక్కో టీస్పూన్, స్మోక్డ్ పాప్రికా ఒక టీస్పూన్ వేసి ఇంకాస్త వేయించాలి. ఉప్పు ఇక్కడ కొద్దిగా వేయొచ్చు, మాంసం ఉప్పు లేదు కదా. పొగ వాసన ఉన్న టోఫూ అయితే ఇంకా సులువు, పీలికలుగా కోసి అలాగే వేసేయండి.

నియమంగా ఉండేవాళ్లకు ఇంకో రెండు మాటలు. కొన్ని స్విస్ చీజ్‌లను దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్‌తో పాలు విరగ్గొట్టి చేస్తారు. లేబుల్ మీద వెజిటేరియన్ లేదా మైక్రోబియల్ రెన్నెట్ అని రాసున్నదే కొనండి. కొన్న డ్రెస్సింగుల్లో గుడ్డు ఉంటుంది, వూస్టర్‌షైర్ సాస్ కలిపితే అందులో ఆంకోవీ చేపలు ఉండొచ్చు. గుడ్డు లేని మయోనైజ్‌తో ఇంట్లో కలుపుకోవడమే నిశ్చింత.

కారం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మన చెయ్యి ఊరుకోదు. పచ్చిమిర్చి, అల్లంవెల్లుల్లి ఇందులో వేయకండి. పులుపు, ఉప్పు, పొగ వాసన మీద నడిచే వంట ఇది, ఆ ముద్ద పడితే రూబెన్ అన్న మాటకే అర్థం ఉండదు. ఘాటు కావాలంటే హార్స్‌ర్యాడిష్ రెండింతలు చేయండి, ముక్కు దాకా అంటుతుంది. అంతకీ చాలకపోతే పళ్లెంలో పక్కన ఆవకాయ బద్ద వేసుకోండి, ఎవరూ కాదనరు. నిజానికి బాగానే కుదురుతుంది.

పాట్‌లక్‌కి ముందుగా చేసుకోవడం

ముందు రోజు రాత్రే పూర్తిగా పేర్చి ఫ్రిజ్‌లో పెడితే తెల్లారేసరికి కింది బ్రెడ్ చెమ్మ లాగేస్తుంది. విడివిడిగా ఉంచండి. ఎండిన బ్రెడ్ ముక్కలు గాలి చొరని డబ్బాలో బయటే, పిండిన క్యాబేజీ, డ్రెస్సింగ్ కలిపి ఫ్రిజ్‌లో, మాంసం కోసి ఫ్రిజ్‌లో. పొద్దున పేర్చడానికి పది నిమిషాలు కూడా పట్టదు.

ఫ్రిజ్‌లోంచి తీసిన గాజు డిష్‌ను వేడి ఓవెన్లో పెట్టకండి. ఒక్కసారిగా వేడి తగిలితే గాజు పగిలిపోవచ్చు, వంటతో పాటు ఓవెన్ శుభ్రం చేసే పని కూడా పడుతుంది. అలాగే వేడి డిష్‌ను తడి గట్టు మీద పెట్టొద్దు.

కార్లో తీసుకెళ్లేటప్పుడు ఫాయిల్‌కి అక్కడక్కడా చిల్లులు పెట్టండి, పైన కరకరలాడే బ్రెడ్ మెత్తబడకుండా ఉంటుంది. బల్ల మీద రెండు గంటలకు మించి అలా వదిలేయకూడదు, అమెరికా ఆహార భద్రతా నియమాలు చెప్పే గడువు అదే.

గుడ్లతో ఇంకో రకం

పొద్దున బ్రంచ్‌కి చేస్తుంటే 4 గుడ్లు, కప్పున్నర పాలు గిలక్కొట్టి, పేర్చిన పొరల మీద పోసి అరగంట నానబెట్టి బేక్ చేస్తారు. ఇందులో బ్రెడ్ నానడమే పద్ధతి కాబట్టి అడుగు మెత్తగా ఉండటం తప్పు కాదు. 350 దగ్గర 45 నుంచి 50 నిమిషాలు, మధ్యలో చాకు దించితే పచ్చి గుడ్డు అంటకూడదు, థర్మామీటర్ 160 దాటాలి. క్యాబేజీ పిండటం మాత్రం ఇందులోనూ తప్పదు, లేకపోతే గుడ్డు విరిగినట్టు నీళ్లు వదులుతుంది. నన్నడిగితే రూబెన్‌కి ఈ రకం అంతగా నప్పదు. కరకర ఉండాల్సిన చోట పుడ్డింగ్ వస్తుంది.

ఇండియాలో చేయాలంటే

హైదరాబాద్, విజయవాడల్లో సౌర్‌క్రౌట్ సులువుగా దొరకదు, ఇంట్లో పెట్టుకోవాలి. సన్నగా తరిగిన కిలో క్యాబేజీకి 20 గ్రాముల ఉప్పు వేసి, నీళ్లు ఊరేదాకా చేత్తో పిసికి, సీసాలో కూరి, ముక్కలు ఆ ఉప్పునీళ్లలోనే మునిగి ఉండేలా పైన బరువు పెట్టండి. మన వేడికి ఐదారు రోజుల్లోనే పులుస్తుంది. రోజూ మూత ఒకసారి వదులు చేసి గ్యాస్ పోనివ్వండి. పైన నూగులా బూజు పట్టినా, గులాబీ రంగు తిరిగినా పారేయండి. రై బ్రెడ్ లేకపోతే గట్టిగా ఉండే బ్రౌన్ బ్రెడ్‌లో కారవే గింజలు చల్లుకోండి. ఓటీజీ చిన్నది కాబట్టి కొలతలు సగం చేసి, 175 డిగ్రీల సెల్సియస్‌లో కింది రాడ్‌లు కూడా వెలిగేలా పెట్టండి.

మిగిలితే

చల్లారాక మూతపెట్టి ఫ్రిజ్‌లో పెడితే మూడు నాలుగు రోజులు ఉంటుంది. మైక్రోవేవ్‌లో వేడి చేస్తే లోపలి తడంతా మళ్లీ బ్రెడ్‌లోకే వస్తుంది. ముక్కను టోస్టర్ ఓవెన్లోనో ఎయిర్ ఫ్రయ్యర్‌లోనో 350 దగ్గర 8 నుంచి 10 నిమిషాలు ఉంచండి, మధ్య దాకా వేడెక్కాలి. అవి లేకపోతే మందపాటి పెనం మీద చుక్క వెన్న వేసి, ముక్కను అడుగు వైపు ఆనించి, సన్న సెగ మీద మూత పెట్టి 5 నిమిషాలు, మూత తీసి ఇంకో 2 నిమిషాలు. ఫ్రీజర్‌లో మాత్రం పెట్టకండి, కరిగేటప్పుడు క్యాబేజీ మళ్లీ నీళ్లు వదులుతుంది.